చల్లబడకూడని నెత్తురు

మెదక్ వెళ్ళొచ్చానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది చర్చి గురించే. చూశాను, ఆటోలోంచి. ఖిల్లా కూడా చూశాను, కింద నిలబడి, తల పైకెత్తి. ఎక్కే ఓపిక లేదు. కాబట్టి వాటి కోసం ఎవరూ ఈ రాత చదవనక్కర్లేదు. నేను వెళ్ళింది నెత్తురు కోసం. వెళ్ళడం కంటే తిరిగి రావడమే పెద్ద ప్రయాణమైంది, అందుకే రాయాలనిపించింది.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తరువాతది అర్థం కాదు. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. మెదడువాపు జ్వరం రాకుండా పిల్లలకు వేసే టీకా ఉంది కదా, అది ఒంట్లో ఎన్నేళ్ళు నిలుస్తుంది, ఎలా నిలుస్తుంది అన్నది మా ప్రశ్న. ఆ జ్వరాన్ని మోసేది దోమ. వరిమళ్ళ నీళ్ళలో పుడుతుంది, పందుల దగ్గరా కొంగల దగ్గరా వైరస్‌ను అంటించుకుంటుంది, మనిషిని కుట్టిపోతుంది. చాలామంది పిల్లలకు ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం మెదడుకు ఎక్కుతుంది. ఎక్కితే దానికంటూ మందు లేదు. రాకుండా చూసుకోవడానికి ఉన్నది టీకాయే.

టీకా వేశాక నెత్తురులో ప్రతిరక్షకాలు పుడతాయి. అవి కాపలావాళ్ళ లాంటివి. ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. తగ్గినంత మాత్రాన రక్షణ పోయిందని కాదు. వైరస్ ముఖం గుర్తుపెట్టుకున్న కణాలు కొన్ని మిగిలే ఉంటాయి. దోమ మళ్ళీ కుడితే అవి గుర్తుపట్టి, కాపలావాళ్ళను గబగబా పుట్టిస్తాయి. వాటిని జ్ఞాపక కణాలంటాం. అవి ఉన్నాయో లేదో తెలియాలంటే చిన్నప్పుడు టీకా పడ్డ మనిషినే పట్టుకుని, ఏళ్ళ తరబడి, మళ్ళీ మళ్ళీ నెత్తురు తీసుకోవాలి. మనుషులేమో కదలకుండా ఉండరు. చదువులకు పోతారు, పెళ్ళిళ్ళయి పోతారు, ఫోన్ నంబర్లు మార్చేస్తారు, సూది చూసి భయపడతారు.

చాలాకాలం నిలిచే రక్షణ గురించి తెలుసుకోవాలంటే తెలుసుకునేవాళ్ళు కూడా చాలాకాలం నిలవాలి. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. నా మోకాళ్ళు నాకంటే ముందే రిటైరయ్యాయి.

నర్సాపూర్ దాటాక

తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. నా కార్డు మీద ఇప్పటికీ తెనాలి చిరునామాయే ఉంది. హైదరాబాదులో సగం జీవితం గడిపాను, కార్డు మార్చుకునే తీరిక దొరకలేదు. బస్సులో ఉన్న ఆడవాళ్ళందరిలో డబ్బులిచ్చి టికెట్టు కొన్నది నేనొక్కదాన్నే. కండక్టరు నా వంక జాలిగా చూశాడు.

నర్సాపూర్ అడవి దాటుతుండగా పక్క సీటులోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు, ఒళ్ళో గొర్రెల మందుల సంచి ఉంది. కౌడిపల్లిలో దిగాలట. ఏ ఊరు, ఏం పని, పిల్లలెంతమంది అని వరసగా అడిగాడు. మా వైపు కూడా ఇవన్నీ అడుగుతారు గానీ కాస్త చుట్టూ తిప్పి అడుగుతారు. ఈయన సూటిగా అడిగేశాడు. టీకా పని అని చెప్పాను.

"గా సూది ఒక్కపారి ఏస్తే ఎన్నేండ్లు పనిజేస్తది మేడం?"

"అదే తెలుసుకోవడానికి వెళ్తున్నానండీ."

"గదేంది? ఏసేటప్పుడు తెల్వదా?"

"కొన్నేళ్ళు పనిచేస్తుందని తెలిసే వేశారు. ఇంకా ఎన్నేళ్ళన్నది, ఏళ్ళు గడిస్తేనే గదా తెలిసేది."

"గంతే తియ్యి," అన్నాడు. "మామిడి మొక్క నాటినోడు గూడ గట్లనే చెప్తడు."

ఇన్నేళ్ళలో నా పనిని ఇంత తేలిగ్గా క్షమించిన మనిషి ఇంకొకరు లేరు. దిగుతూ రెండు ఉడకబెట్టిన పల్లికాయలు నా చేతిలో పెట్టి పోయాడు.

రాజవ్వ గడప

మెదక్ బస్టాండులో సుజాత నాకోసం నిలబడి ఉంది. ఆమె నర్సు, ఊరూరా తిరిగి టీకాలు వేస్తుంది. భుజానికి ఎప్పుడూ నీలం రంగు ఐసు డబ్బా ఒకటి వేలాడుతుంది. టీకా సీసాలు అందులోనే పెడతారు, చుట్టూ ఐసు ముక్కల పలకలు పేరుస్తారు. టీకా వేడెక్కితే పనికిరాదు. ఎండాకాలంలో కరెంటు పోతే సుజాత ఇంట్లో అన్నం సంగతి తరువాత, ముందు ఈ డబ్బా సంగతి చూస్తుంది. ఇంతకుముందు వచ్చినప్పుడు కూడా నాకు తోడు తిరిగింది ఈవిడే.

"మేడం, జర బక్కగయిండ్రు," అంది. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

చాయ్ తాగాం. పది రూపాయలు. మా తెనాలిలో ఆ డబ్బుకు కాఫీ రాదు, వచ్చినా ఇంత చిక్కగా ఉండదు. లాడ్జిలో గది కిరాయి ఎనిమిది వందలు, దోమతెర మాత్రం లేదు. దోమలు తెచ్చే జబ్బుల మీద పనిచేసే మనిషిని దోమలు ఎంత ప్రేమగా పలకరించాయో నా చేతులు చూసినవాళ్ళకు తెలుస్తుంది.

ఈసారి నాకు అన్నిటికంటే ముఖ్యమైన నెత్తురు మానసది. ఇరవై దాటిన పిల్ల, మగ్గం వర్కు దుకాణంలో జాకెట్లకు పూసలు కుడుతుంది. చిన్నప్పుడు టీకా పడింది, ఆ తరువాత రెండుసార్లు మాకు నెత్తురు ఇచ్చింది. ఆ రెండూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. అలా రెండుసార్లూ ఇచ్చి, ఇంకా ఊళ్ళోనే ఉన్నవాళ్ళు చేతివేళ్ళంతమంది కూడా లేరు. మూడోది దొరికితే ఒకే మనిషిలో ఇన్నేళ్ళ కథ చూడొచ్చు. అప్పట్లో సంతకం పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన ఇప్పుడు గల్ఫులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది తల్లి, రాజవ్వ.

మేం వెళ్ళేసరికి ఆమె గోడకు చేరగిలబడి, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ జరిగిపోతున్నాయి, కళ్ళు మాత్రం మా మీదే ఉన్నాయి.

"రాజవ్వ గారూ," అని మొదలుపెట్టాను.

"గారు గీరు నాకెందుకు మేడం. మీరు ఎందుకొచ్చిండ్రో నాకెర్కే. ఇయ్య."

సుజాత ఏదో నచ్చజెప్పబోయింది. రాజవ్వ వినలేదు.

"మా పిల్ల నెత్తురు రెండుమాట్ల తీస్కపోయిండ్రు. ఏమున్నది, ఏం లేదు అని ఒక్కలన్న మల్లొచ్చి చెప్పిండ్రా? మా సాయిలుకు జరమొచ్చినప్పుడు గూడ గిట్లనే. దవాఖాన్ల దినాం సూదిపొడిసి తీసిండ్రు. నడుంలకెల్లి నీళ్ళు గూడ తీసిండ్రు. పట్నం పంపుతున్నం, పట్నం పంపుతున్నం అన్నరు. పిలగాడు పోయిండు. గా సీసాలు యాడికి పోయినయో గిప్పటికీ నాకు ఎర్కలేదు."

సాయిలు మానస అన్న. మెదడువాపు జ్వరంతో పోయాడు. ఆ మరుసటి ఏడు ఈ ఊరికి టీకా వచ్చింది. సుజాత దారిలోనే చెప్పింది నాకు. అయినా తల్లి నోట వింటే వేరు. ఫలితాలు చెప్పలేదన్నది నిజం. మేం కాగితాల్లో రాస్తాం, సభల్లో చదువుతాం, మెదక్ రాజవ్వకు చెప్పాలని ఎవరికీ తోచదు.

లేచాను. అప్పుడామె చాట పక్కన పెట్టింది. "యాడికి లేస్తరు? తిని పోండ్రి."

మా వైపు కాదనడానికి అరగంట పడుతుంది. చూద్దాం, ఆలోచిద్దాం, పంతులుగారిని అడుగుదాం అంటూ సాగదీసి, చివరికి కాఫీ కూడా ఇవ్వకుండా పంపేస్తారు. ఇక్కడ ముందు కాదనేశారు, తరువాత అన్నం పెట్టారు. జొన్నరొట్టె, నువ్వుల పొడి, పచ్చిపులుసు. మేం పచ్చిపులుసులో కాల్చిన వంకాయ వేస్తాం. ఈమె ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు చేత్తో నలిపి చింతపండు రసంలో వేసింది, అంతే. పొయ్యి మీద పెట్టనే లేదు. నాకు ఇదే నచ్చింది. రెండోసారి పోయించుకున్నాను. నన్ను వద్దన్న మనిషి పెట్టిన కూడు ఇంత రుచిగా ఉందేమిటా అని లోపల సిగ్గు కూడా వేసింది.

ఐసు డబ్బా

మర్నాడు సుజాతకు దవాఖానాలో పని ఉండడంతో నేను ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకుని కుల్చారం, అక్కణ్ణుంచి నిజాంపేట తిరిగాను. ఒకమ్మాయి పెళ్ళై నాందేడ్ వెళ్ళిపోయింది. ఒకబ్బాయి లారీ మీద ఉన్నాడు, ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. ఒకతను ఉన్నాడు గానీ, తండ్రి మొన్ననే పోయాడని గుండు చేయించుకుని అరుగు మీద కూర్చున్నాడు. అతణ్ణి నెత్తురడిగే మొహం నాకు లేదు. దొరికినవాళ్ళు ఇద్దరు. వాళ్ళ నెత్తురు గొట్టాలు దూది పరిచిన నా సంచిలో పెట్టుకుని, ఒళ్ళంతా దుమ్ముతో, నడుం విరిగి మెదక్ చేరాను.

దవాఖానా వరండాలో సుజాత మొహం వెలిగిపోతోంది.

"మేడం, మంచి ఖబర్! మానస వచ్చింది. బువ్వ తినే టైముల దుకాణంకెల్లి ఉరికొచ్చింది. అమ్మకు చెప్పకు సిస్టరూ, నా నెత్తురు నేనిస్త అన్నది. మీరెప్పుడొస్తరో తెల్వది గద, నేనే తీసిన."

నా నడుం నొప్పి ఎగిరిపోయింది. "ఎక్కడ, ఎక్కడుంది?"

సుజాత నీలం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. నాలుగు వైపులా ఐసు పలకలు, నడుమ మానస నెత్తురు గొట్టాలు. "నాలుగు దిక్కుల ఐసు బెట్టిన. జరంత వేడి గూడ తగలనియ్యలే."

గొట్టం ఎత్తి వెలుతురులో చూశాను. పైన తేరిన నీరు పసుపుగా ఉండాలి. ఎర్రగా ఉంది. ఎర్రకణాలు చితికిపోయాయి.

జ్ఞాపక కణాలు బతికుంటేనే మాకు పని. ఐసు తగిలితే వాటి పని అయిపోయినట్టే. ఈ నెత్తురును మామూలు గది వెచ్చదనంలో, అటు ఎండ ఇటు చలి తగలకుండా తీసుకెళ్ళి, రోజు తిరిగేలోపు కణాలను వేరు చేయాలి. టీకా చల్లగా ఉండాలి, టీకా పడ్డవాళ్ళ నెత్తురు మాత్రం చల్లబడకూడదు. ఈ ముక్క నేను సుజాతకు ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడూ నేనే తీసేదాన్ని, నేనే సంచిలో పెట్టుకునేదాన్ని.

"ఎవరు పెట్టమన్నారు ఐసులో?" అని అరిచాను. వరండాలో ఉన్న పేషెంట్లంతా తిరిగి చూశారు.

సుజాత మొహం మాడిపోయింది. "టీకా చల్లగుండాలె అని మీరే గద చెప్తరు మేడం. టీకాతోటి అయిన నెత్తురు గూడ చల్లగనే ఉండాలె అనుకున్న."

అందులో తప్పు పట్టడానికేముంది? ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమెకు నేర్పింది ఒకటే, చల్లగా ఉంచు, చల్లగా ఉంచు అని. ఆ మాట మీదే ఎన్ని వేలమంది పిల్లల టీకాలు కాపాడిందో! అరిచినందుకు నాకే ఏడుపొచ్చింది. ఇద్దరం బయటికొచ్చి బండి దగ్గర చాయ్ తాగాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

చాయ్ అయిపోకముందే సుజాత ఫోన్ మోగింది. రాజవ్వ. కూతురి మోచేతి దగ్గర అంటించిన దూది చూసిందట. ఫోన్ చెవికి పెట్టుకోకుండానే ఆమె మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"నేనే పోయి అడుగుత మేడం," అంది సుజాత ఫోన్ పెట్టేసి. "పాడు జేసింది నేను."

శుక్రవారం పొద్దున

ఇద్దరం వెళ్ళాం. చలి కొరుకుతోంది. మానస ఒక మూల, తల్లి ఒక మూల కూర్చుని ఉన్నారు. బీడీల చాట గోడకు ఆనించి ఉంది.

సుజాత నిలబడే చెప్పేసింది. ఐసులో పెట్టానని, పాడైపోయిందని, మేడం తప్పు కాదని.

"నా బిడ్డ నెత్తురు ఐసుల బెట్టినవా?"

"బెట్టిన అక్కా."

అప్పుడు నేను నోరు విప్పాను. "రాజవ్వా, ఇంకోసారి ఇవ్వమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. ఈసారి ఏం తేలినా నేనే ఫోన్ చేసి చెప్తాను. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని చెప్తాను."

మానస మూలలోంచి అంది. "అమ్మా, అన్నకు టీకా లేకుండె. నాకున్నది. గది నా ఒంట్ల ఇంక ఉన్నదో పోయిందో నాకు తెల్వాలె. నీకు తెల్వనవసరం లేదా?"

రాజవ్వ కూతురి వైపు తిరగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. చివరికి, "ఇయ్యాల శుక్రారం," అంది. "శుక్రారం మా ఇంట్లకెల్లి ఏదీ బయటికి ఇయ్యం. ఉప్పు గూడ ఇయ్యం. నెత్తురు ఎట్లిస్తం?"

ఈ పట్టింపు మా అమ్మకూ ఉండేది. శుక్రవారం పూట పక్కింటావిడ పెరుగు తోడుకు వచ్చినా రేపు రమ్మనేది. కానీ రేపటికి మా ప్రయోగశాలలో కణాలు వేరు చేసేవాళ్ళు ఉండరు, సెలవు. సోమవారం నుంచి మానస దుకాణంలో పెళ్ళిళ్ళ జాకెట్ల పని, ఊపిరాడదు. నాకు ఇంకో ప్రయాణానికి ఒప్పుకునేవాళ్ళు లేరు, ఓపికా లేదు. గుమ్మం మీద కూర్చుండిపోయాను.

నా అలసట చూసిందో, సుజాత మొహం చూసిందో, రాజవ్వ లేచి పెట్టె తీసింది. మందపాటి చెద్దరు ఒకటి తీసి భుజాన వేసుకుంది.

"నేనియ్య. నేనే తీస్కొస్త. నా ఎంబడే ఉంటే ఇచ్చినట్టు గాదు గద?"

"ఎక్కడికి?"

"పట్నం. గా సీసాలు యాడికి పోతయో ఈపారి నా కండ్లతోటి జూస్త."

ఒడిలో పాప

దవాఖానాలో సుజాతే నెత్తురు తీసింది. గొట్టాలు దూదిలో చుట్టి నాకివ్వబోయింది. రాజవ్వ మధ్యలో చెయ్యి చాచి తీసుకుని, చెద్దరు మడతల్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుంది. సుజాత నీలం డబ్బాను బల్ల కిందికి కాలితో తోసేసింది. అది చూసి మానస నవ్వింది. ఆ మూడు రోజుల్లో ఎవరైనా నవ్వగా చూడడం అదే మొదలు.

బస్సులో కండక్టరు రాజవ్వకు సున్నా టికెట్టు కొట్టాడు, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు.

"గిన్నేండ్ల సంది ఈడ్నే ఉంటున్నవంటవు, ఆధార్ మార్సుకోలేదా?" అంది రాజవ్వ. ఇంటి గడప దాటగానే ఆమె నోట నేను 'మీరు' నుంచి 'నువ్వు'లోకి వచ్చేశాను.

"తీరిక లేదు రాజవ్వా."

"గింత చదువు చదివి..." అని ఊరుకుంది.

పక్క కిటికీ అద్దం సరిగ్గా మూసుకోదు. చలిగాలి కొడుతోంది. ఆమె అటు వీపు తిప్పి, ఒళ్ళో మూట మీదికి వంగి కూర్చుంది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులూ కింద పెట్టి మూటను పైకెత్తుతోంది. నర్సాపూర్ రాకముందే గట్టిగా కేక వేసింది. "డ్రైవరన్నా, జర మెల్లగ పోనియ్యి! చిన్న పాణం ఉన్నది ఈడ!"

డ్రైవరు నిజంగానే నెమ్మదించాడు. ముందు సీటులో ఉన్న ముసలమ్మ వెనక్కి తిరిగింది. "ఎన్నో నెల? ఆడపిల్లనా, పిలగాడా?"

రాజవ్వ తడుముకోలేదు. "ఆడపిల్ల," అంది. "పండుకున్నది. కదిలియ్యకు."

ముసలమ్మ మూట వైపు మెటికలు విరిచి దిష్టి తీసి, సర్దుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఇన్నేళ్ళుగా నెత్తురు గొట్టాలు మోస్తున్నాను. ఏ ఒక్కదాన్నీ ఇలా పట్టుకోలేదు.

బల్ల మీద పెట్టి

నా సంచిలోని గొట్టాలు లోపలికి పంపి, ప్రయోగశాల తలుపు దగ్గర మూట అడిగాను. ఇవ్వలేదు. లోపలికొచ్చి బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. "చేతికియ్య. నువ్వు తీస్కో."

తీసుకున్నాను. గొట్టాలు మనిషి ఒంటి వెచ్చదనంతో ఉన్నాయి. పైన తేరిన నీరు పసుపుగా, తేటగా ఉంది.

కణాలు వేరు చేసే గదిలోకి బయటివాళ్ళను రానివ్వం. సూక్ష్మదర్శిని బొమ్మ మాత్రం బయటి గది తెర మీద కనబడుతుంది. పని అయ్యేదాకా రాజవ్వ ఆ గదిలోనే కూర్చుంది. మా క్యాంటీన్ ఇడ్లీ తిని, ఉప్పు లేదంది. సాయంత్రానికి తెర వెలిగింది. కణాల మీద మేం నీలం రంగు వేస్తాం. చచ్చినవాటిలోకి రంగు దిగుతుంది. బతికున్నవి రంగును లోపలికి రానివ్వవు, మెరుస్తుంటాయి. తెర నిండా మెరుపులే. నీలంగా ఉన్నవి వెతికితే తప్ప కనబడలేదు.

"మెరిసేవన్నీ బతికున్నాయి," అన్నాను.

"గిండ్ల ఏది యాది పెట్టుకున్నది?"

"చూస్తే తెలియదు. అన్నీ ఒకేలా ఉంటాయి. చంపేసిన వైరస్ ముక్కలు వాటికి చూపిస్తాం. గుర్తున్నవి గుర్తుపడతాయి. అందుకు కొన్నాళ్ళు పడుతుంది."

గోడ వారగా పెద్ద ఇనుప పీపా లాంటిది ఉంది. మూత తీసినప్పుడు తెల్లటి పొగ లేచింది. కణాలను వేరు చేశాక సరైన మందులో కలిపి నెమ్మదిగా గడ్డకట్టిస్తే ఏళ్ళ తరబడి బతికి ఉంటాయని, మానస చిన్నప్పటి కణాలు అందులోనే ఉన్నాయని చెప్పాను. రాజవ్వ పీపా దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె ఏం అడగబోతోందో నాకు తెలిసిపోయింది.

"మా సాయిలుది గూడ ఉందా గిండ్ల?"

"లేదు రాజవ్వా. ఆ నెత్తురు మా దగ్గరికి రాలేదు. జబ్బేమిటో తేల్చడానికి తీసినవి పరీక్ష అయ్యాక పారేస్తారు."

"పారేసిండ్రా," అంది. పీపా మీంచి చూపు తిప్పుకుంది. "అందరు నన్నే అన్నరు. లేటు తెచ్చినవ్, తాయెత్తు గట్టుకుంట కూసున్నవ్, రెండు దినాలు ముందు తెస్తే బతుకుతుండె అన్నరు. ఆయన గూడ అన్నడు. నిజమేనా మేడం?"

ఇలాంటిచోట మేం "చెప్పలేం" అంటాం. "చాలావరకు" అంటాం. "ఒక్కొక్కరి విషయంలో ఒక్కో విధంగా" అంటాం. ఈ మాటలతో నాకు విసుగొచ్చి చాలా ఏళ్ళయింది.

"ఆ జ్వరం మెదడుకు ఎక్కితే దాన్ని ఆపే మందు ఇప్పటికీ లేదు," అన్నాను. "మొదటి రోజే తెచ్చినా ఆ మందు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఒక ఏడు ముందు టీకా వచ్చి ఉంటే బతికేవాడు. లేటు చేసింది మీరు కాదు. మేం."

రాజవ్వ నేల మీద కూలబడింది. ఏడ్చింది. చెద్దరు మొహానికి అడ్డం పెట్టుకుని, గొంతు బయటికి రాకుండా ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోకపోయినా కూర్చున్నాను. మా టెక్నీషియన్లు తలుపు సందులోంచి చూసి వెళ్ళిపోయారు.

పొద్దు పూర్తిగా వాలకముందే మెదక్ బస్సు ఎక్కించాను. కిటికీ అద్దం బాగా మూసుకునే సీటు చూసి కూర్చోబెట్టాను. ఖాళీ చెద్దరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఫోన్

ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టింది. మొదటిసారి వచ్చినదాని మీద నమ్మకం కుదరక మళ్ళీ చేశాం. వచ్చిన రోజు ముందు మానసకు ఫోన్ చేశాను, నెత్తురు ఆ పిల్లది కాబట్టి. నెత్తురులో ప్రతిరక్షకాలు బాగా తగ్గాయి, కానీ జ్ఞాపక కణాలు ఉన్నాయి, వైరస్ ముక్కలు చూపించగానే గుర్తుపట్టాయి అని చెప్పాను. అవతల మగ్గం దుకాణంలో ఎవరో జాకెట్టు కోసం తొందరపెడుతున్నారు. మానస, "థాంక్స్ మేడం," అని, "అమ్మకు మీరే చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మది," అంది.

రాజవ్వకు చేశాను. ఇదే మాట చెప్పాను.

"గుర్తుపట్టినయా?"

"పట్టాయి. మీ ఒళ్ళో వచ్చినవే."

అవతల తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఇంకెన్నేండ్లుంటది?"

"తెలియదు రాజవ్వా. మళ్ళీ కొన్నేళ్ళకు చూస్తేగానీ తెలియదు. అప్పటికి నేను ఉద్యోగంలో ఉండను. ఇంకెవరైనా వస్తారు."

"ఎవలొస్తే ఏంది. వచ్చేటోళ్ళకు ఒక మాట చెప్పిపో మేడం."

"ఏం చెప్పమంటారు? శుక్రవారం రావద్దనా?"

"శుక్రారమే రమ్మను," అంది రాజవ్వ. "నేనే తెస్త."